పేలాలు మనవి, ప్యాకెట్ ఎవరిది?

2024 డిసెంబరు 21న జైసల్మేర్‌లో జీఎస్టీ కౌన్సిల్ సమావేశం జరిగిన తర్వాత కొన్ని రోజులపాటు దేశమంతా పాప్‌కార్న్ గురించే మాట్లాడుకుంది. ఉప్పు, కారం కలిపి విడిగా అమ్మితే 5 శాతం పన్ను. అదే ప్యాకెట్ కట్టి పేరు వేసి అమ్మితే 12 శాతం. చక్కెర పాకం పట్టిస్తే 18 శాతం. టీవీల్లో చర్చలు, ఫోన్లలో జోకులు నడిచాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యాకెట్‌లోని ఉప్పు పాప్‌కార్న్ మీద కూడా పన్ను 5 శాతానికి దిగింది. చర్చ అంతటితో ముగిసింది.

అయితే రైతు వైపు నుంచి అడగాల్సిన రెండు ప్రశ్నలు ఆ గోలలో వినిపించలేదు. ఆ తిండిలో అసలు బలమెంత? మొక్కజొన్న పండించినవాడికి ఆ ప్యాకెట్ ధరలో దక్కేదెంత? ఈ రెండు ప్రశ్నలూ ఒకటేనని ఈ వ్యాసం చెప్పదలచుకుంది. గింజలో ఉన్న బలాన్ని తగ్గించి, పైన నూనె, ఉప్పు, రంగు కాగితం చేర్చి అమ్మే పద్ధతే రైతు వాటాను కూడా తగ్గిస్తోంది.

మైక్రోవేవ్ పొయ్యి మన దుమ్ముగూడెం, చర్ల మండలాల్లో ఎన్ని ఇళ్లలో ఉందని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఎక్కువ ఇళ్లలో లేదు. కానీ ఖమ్మం, కొత్తగూడెం, సత్తుపల్లి పట్టణాల్లో ఉంది. పట్నంలో ఉద్యోగాలు చేసే మన పిల్లల ఇళ్లలో ఉంది. మైక్రోవేవ్ లేని ఇంటి కోసం కుక్కర్‌లో పేల్చుకునే ప్యాకెట్ వచ్చింది. కుక్కర్ కూడా అక్కర్లేకుండా, పేల్చి ఉప్పు చల్లిన చిన్న ప్యాకెట్లు అడవి అంచున ఉన్న కిరాణా కొట్లలో చిప్స్ పక్కన వేలాడుతున్నాయి. కాబట్టి ఇది పట్నం వాళ్ల ముచ్చట అని వదిలేయడానికి లేదు.

గింజలో ఉన్న బలం

ముందు న్యాయంగా మాట్లాడుకుందాం. పేలిన మొక్కజొన్న చెడ్డ తిండి కాదు. బియ్యాన్ని మిల్లులో తెల్లగా పాలిష్ పట్టినప్పుడు తవుడు, దానితోపాటు పీచు, విటమిన్లు పోతాయి. పేలంలో అలా పోదు. పొట్టు, మొలక, పిండి మూడూ అందులోనే ఉంటాయి. నూనె లేకుండా వేడితోనే పేల్చిన మొక్కజొన్న వంద గ్రాముల్లో సుమారు 13 గ్రాముల మాంసకృత్తులు, 14 గ్రాముల పీచు, నాలుగైదు గ్రాముల కొవ్వు, 380 కేలరీలకు పైగా శక్తి ఉంటాయి. వంద గ్రాముల పేలాలంటే పెద్ద బేసిన్ నిండుతుంది. ఒక మనిషి ఒకసారి తినేది పాతిక, ముప్ఫై గ్రాములే. అంటే సుమారు 110 కేలరీలు, నాలుగు గ్రాముల పీచు. అదే ఆలుగడ్డ చిప్స్ వంద గ్రాముల్లో కొవ్వే 30 గ్రాములు దాటుతుంది. ఆ లెక్కన పేలాలు మేలైన చిరుతిండి.

దాని హద్దులు కూడా తెలియాలి. మొక్కజొన్న మాంసకృత్తుల్లో లైసిన్, ట్రిప్టోఫాన్ అనే రెండు ముఖ్యమైన భాగాలు తక్కువ. ఈ సంగతి కోళ్లఫారాల వాళ్లకు బాగా తెలుసు. అందుకే మొక్కజొన్న దాణాలో సోయా చెక్క వేస్తారు, పైగా లైసిన్ విడిగా కలుపుతారు. ఈ లోపాన్ని సరిచేసే మొక్కజొన్న రకాలను రూపొందించినందుకే మన దేశానికి చెందిన సురీందర్ వాసల్‌కు, మెక్సికో శాస్త్రవేత్త ఎవాంజెలీనా విల్లెగాస్‌కు 2000 సంవత్సరంలో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. కోడికి సరిపోని తిండి మన పిల్లలకు మాత్రం ఎలా సరిపోతుంది? పేలాలు చిరుతిండిగా మంచివి. పూట తిండికి బదులు కావు. ఇంకొక మాట: నాలుగేళ్లలోపు పిల్లలకు పాప్‌కార్న్ పెట్టవద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. పేలని గింజ, గట్టి పొట్టు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది.

ప్యాకెట్‌లో చేరినవి

మైక్రోవేవ్‌కూ మొక్కజొన్నకూ చుట్టరికం పాతదే. 1945లో అమెరికాలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు రాడార్ పరికరం ముందు గింజలు పెట్టి పేల్చి చూశాడు. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలకు కాగితం సంచిలో కట్టిన మైక్రోవేవ్ పాప్‌కార్న్ పెద్ద వ్యాపారమైంది.

ఆ సంచిలో గింజలు మాత్రమే ఉండవు. గింజల చుట్టూ గడ్డకట్టిన కొవ్వు, ఉప్పు, రుచి కోసం కలిపిన పదార్థాలు ఉంటాయి. కొట్టులో నెలల తరబడి ఉన్నా నూనె కారకూడదు, సంచి తడవకూడదు. అందుకే మామూలు వేడి దగ్గర గడ్డగా ఉండే కొవ్వు కావాలి. ఆ పనికి పామాయిల్ అనువుగా ఉంటుంది. మన అశ్వారావుపేట, దమ్మపేట తోటల్లో పండి, ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీల్లో గెలలు ఆడించగా వచ్చే నూనె జాతి అదే. అందుకని పామాయిల్ విషమని ఎవరూ అనుకోనక్కర్లేదు. కానీ దానిలో దాదాపు సగం సంతృప్త కొవ్వు. కూరలో ఒక చెంచా వేయడం వేరు, తెలియకుండా చిరుతిండిలో గుప్పిళ్ల కొద్దీ తినడం వేరు.

ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. ఉత్త పేలాల్లో వంద గ్రాములకు నాలుగైదు గ్రాములున్న కొవ్వు, వెన్న రుచి మైక్రోవేవ్ రకాల్లో పాతిక గ్రాములు దాటడం మామూలే. కేలరీలు 500 పైకి పోతాయి. పీచు, మాంసకృత్తుల వాటా ఆ మేరకు తగ్గుతుంది. చిప్స్ కంటే మేలు అనుకున్నది చిప్స్ దగ్గరికే చేరుతుంది. ఇక ఉప్పు. రోజుకు మనిషికి 5 గ్రాములకు మించి ఉప్పు వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువగా కలిపిన ఫ్యాక్టరీ తిండిని తగ్గించమని కూడా చెప్పింది. పచ్చడి, కారం, చారు అలవాటున్న మన భోజనంలోనే ఉప్పు ఎక్కువ. దాని మీద ఈ ప్యాకెట్ ఉప్పు అదనం. ‘వెన్న రుచి’ అని రాసిన చోట వెన్న ఉండాలని కూడా లేదు. వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది చదివితేనే సంగతి తెలుస్తుంది. ఆ అక్షరాలు కూడా ఇంగ్లీషులో ఉంటే మన ఊళ్లో చదివేదెవరు?

వెన్న రుచికి ఇంకో చరిత్ర ఉంది. కార్మికులుగా, రైతులుగా మనం గుర్తుంచుకోవలసిన చరిత్ర. 2000 సంవత్సరంలో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఒకే మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసిన ఎనిమిది మందికి మందులకు లొంగని ఊపిరితిత్తుల జబ్బు వచ్చినట్టు బయటపడింది. ఆ ప్రభుత్వ కార్మిక ఆరోగ్య సంస్థ విచారణ చేస్తే, వెన్న వాసన కోసం వాడే డయాసిటైల్ అనే రసాయనపు ఆవిరితో ఆ జబ్బుకు సంబంధం ఉందని తేలింది. తినేవాళ్ల కంటే ముందు, కలిపేవాళ్లు దాన్ని పీల్చారు. 2007లో అక్కడి పెద్ద కంపెనీలు డయాసిటైల్‌ను మానేస్తామని ప్రకటించాయి. సంచి కాగితానికి నూనె అంటకుండా పూసే పీఫాస్ రసాయనాల సంగతి కూడా ఇలాంటిదే. అవి ఒంట్లోనూ నీళ్లలోనూ ఏళ్ల తరబడి కరగకుండా ఉండిపోతాయి. డెన్మార్క్ 2020లో ఆహారపు కాగితంలో వాటిని నిషేధించింది. ఆ పూతల అమ్మకం తమ దేశంలో ఆగిపోయిందని అమెరికా ఆహార సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఈ మార్పులేవీ కంపెనీలు వాటంతట అవి చేసినవి కావు. కార్మికులు కోర్టుకెక్కారు, ప్రజలు నిలదీశారు, అప్పుడు జరిగాయి.

మన మంగలం

పేలాలు మనకు కొత్త కావు. తొలి ఏకాదశి వస్తే తెలంగాణ పల్లెల్లో జొన్నలు మంగలంలో వేయించి, పేలాలు దంచి, బెల్లం కలిపి పేలపిండి చేసుకుంటారు. వానకాలం మొదట్లో, నాట్లకు ముందు, ఒంటికి వేడినీ బలాన్నీ ఇస్తుందని పెద్దలు చెప్పేవారు. అందులో పామాయిల్ లేదు, డబ్బా వాసన లేదు. జొన్న కూడా మన నేలదే.

అంకెలు కూడా పెద్దల మాటకు దగ్గరగానే ఉన్నాయి. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల జొన్నల్లో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, 10 గ్రాముల పీచు, 4 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నాయి. ఎండు మొక్కజొన్నలో ఇవి సుమారు 9 గ్రాములు, 12 గ్రాములు, రెండున్నర మిల్లీగ్రాములు. మిల్లు పట్టిన బియ్యంలో మాంసకృత్తులు 8 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు, ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి, మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇలాంటి రాష్ట్రంలో పిల్లల చేతికి ఏ చిరుతిండి వెళుతోందన్నది చిన్న విషయం కాదు.

అలాగని పాతదంతా బంగారమని చెప్పడం కూడా సరికాదు. 1960 ప్రాంతంలో హైదరాబాద్‌లో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు పరిశోధన చేసి, జొన్న తప్ప ఇంకో తిండి దొరకని దక్కన్ పేదల్లో పెల్లాగ్రా జబ్బు ఉందని గుర్తించారు. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొలుసులు లేచే జబ్బు అది. యూరప్‌లో, అమెరికాలో మొక్కజొన్న ఒక్కటే తిని బతికిన పేదలకు వచ్చిందీ అదే. జబ్బు గింజలో లేదు, వేరే తిండి కొనలేని పేదరికంలో ఉంది. జొన్న అయినా మొక్కజొన్న అయినా పక్కన పప్పు, పల్లీలు, ఆకుకూర, గుడ్డు ఉండాలి. పేలాలు, వేయించిన పల్లీలు, బెల్లం కలిపి పెడితే పిల్లలకు ఏ ప్యాకెట్ కన్నా మేలైన చిరుతిండి అవుతుంది. ఇంట్లో మొక్కజొన్న పేల్చాలంటే మందపాటి గిన్నె, మూత, ఒక చెంచా పల్లి నూనె చాలు. ఉప్పు ఎంత వేయాలో మన చేతిలో ఉంటుంది.

పంట ఒకరిది, ధర ఇంకొకరిది

ఇప్పుడు రెండో ప్రశ్న. 2025-26కు మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు, అంటే కిలోకు 24. కొనుగోలు కేంద్రం తెరవకముందే అప్పుల ఒత్తిడికి వ్యాపారికి అమ్ముకున్నవాళ్లకు ఆ 24 కూడా దక్కలేదని మనకు తెలుసు. వంద గ్రాముల పాప్‌కార్న్ ప్యాకెట్ 40 రూపాయలనుకుందాం. కిలో 400 పడింది. మీ ఊరి కొట్లో ప్యాకెట్ తిప్పి, బరువూ ధరా చూసి మీరే లెక్క కట్టండి. అడవిపందుల నుంచి రాత్రుళ్లు మంచె మీద కాపలా కాసి దక్కించుకున్న కంకికి, రంగు సంచికి మధ్య ఉన్న తేడా ఆ లెక్కలో కనిపిస్తుంది.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. మనం వేసే సంకర రకాలు పాప్‌కార్న్‌కు పనికిరావు. అవి కోళ్ల దాణాకు, పిండి ఫ్యాక్టరీలకు, ఈమధ్య ఇథనాల్‌కు పోతున్నాయి. పేలే గింజ వేరే రకం. దాని పైపొట్టు గట్టిగా, లోపలి పిండి గాజులా ఉంటుంది. గింజలో తేమ 14 శాతం దగ్గర ఉండి, వేడి సుమారు 180 డిగ్రీలకు చేరితే లోపలి నీరు ఆవిరై పొట్టును పగలగొడుతుంది. అప్పుడు గింజ తన పరిమాణానికి ముప్ఫై, నలభై రెట్లు ఉబ్బుతుంది. పొట్టు చిట్లినా, గింజ మరీ ఎండిపోయినా పేలదు. మార్కెట్ యార్డులో తేమ 14 శాతం దాటిందని కొర్రీలు పెట్టించుకునే మనకు ఈ అంకె కొత్తది కాదు.

అలాంటి రకం మన దగ్గర లేకపోలేదు. హైదరాబాద్ మొక్కజొన్న పరిశోధన కేంద్రం నుంచి ‘అంబర్ పాప్‌కార్న్’ రకం ఎప్పుడో వచ్చింది. పాప్‌కార్న్ ప్యాకెట్ల వ్యాపారంలో దేశంలో పేరున్న ‘యాక్ట్ టూ’ను అమ్మే, అప్పట్లో ఆగ్రోటెక్ ఫుడ్స్ అనే పేరున్న కంపెనీ రిజిస్టర్డు కార్యాలయం చాలా ఏళ్లు సికింద్రాబాద్‌లోనే ఉండేది. విత్తనం రాష్ట్రంలో ఉంది, వ్యాపారం రాష్ట్రంలో ఉంది, పామాయిల్ మన జిల్లాలో ఉంది. లేనిదల్లా వాటిని రైతుకు లాభమయ్యేలా కలిపే ఆలోచన.

ఇలా అనగానే కంపెనీతో ఒప్పందం చేసుకుని పాప్‌కార్న్ వేద్దామని కొందరు ముందుకు రావచ్చు. వాళ్లు ఒకసారి గోదావరి వెంట పైకి చూడాలి. వాజేడు, వెంకటాపురం మండలాలు ఒకప్పుడు మన ఖమ్మం జిల్లావే, ఇప్పుడు ములుగులో ఉన్నాయి. అక్కడా, పక్కన కన్నాయిగూడెంలోనూ 2024-25 యాసంగిలో కంపెనీల కోసం విత్తన మొక్కజొన్న వేసిన ఆదివాసీ రైతులు పంట దెబ్బతిని నిలువునా మునిగారు. నోటిమాట ఒప్పందాలు, మధ్యలో ఏజెంట్లు, అడిగితే జవాబు చెప్పేవాడు లేడు. రోడ్డెక్కి పోరాడితే 2025లో పరిహారం వచ్చింది. చేతిలో కాగితం లేకుండా కంపెనీ పంట వేయకూడదన్నది ఆ పోరాటం నేర్పిన పాఠం.

ప్యాకెట్ తిండి వల్ల ఉపాధి వస్తుంది కదా, పని ఒత్తిడిలో ఉన్న ఆడవాళ్లకు సులువు కదా అని కొందరంటారు. రెండూ నిజమే. అయితే ఆ ఉపాధి మన దగ్గరే ఎందుకు ఉండకూడదు? భద్రాచలం ఆదివాసీ మహిళలు ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ పేరుతో చిరుధాన్యాల బిస్కెట్లు తయారు చేస్తున్నారు. 2025 జూన్‌లో ప్రధాని తన రేడియో ప్రసంగంలో వాళ్ల గురించి చెప్పారు. పొగడ్త మంచిదే. దానితోపాటు అంగన్‌వాడీల నుంచి, ఆశ్రమ పాఠశాలల నుంచి ఏడాది పొడవునా ఆర్డర్లు వస్తేనే అలాంటి యూనిట్లు నిలబడతాయి.

మనం అడగాల్సినవి

1. మొక్కజొన్న కొనుగోలు కేంద్రాలు పంట చేతికి రాకముందే తెరవాలి. ఏజెన్సీ మండలాల్లో ఆరబెట్టుకోవడానికి కళ్లాలు, టార్పాలిన్లు, తేమ కొలిచే యంత్రాలు ఇవ్వాలి. పోడు పట్టా ఉన్నా లేకున్నా సాగు చేసిన రైతు దగ్గర పంట కొనాలి.

2. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రాలు పేలాల మొక్కజొన్న, పేలాల జొన్న రకాలను మన నేలల్లో వేసి చూపించాలి. విత్తనం రైతుకు అందే ధరలో ఇవ్వాలి.

3. కంపెనీ ఒప్పందం ఏదైనా తెలుగులో రాతపూర్వకంగా ఉండాలి. విత్తనం, ధర, నష్టపరిహారం అందులో స్పష్టంగా రాయాలి. ఒక ప్రతి రైతు చేతిలో, ఒక ప్రతి మండల వ్యవసాయ అధికారి దగ్గర ఉండాలి.

4. ఆశ్రమ పాఠశాలలు, అంగన్‌వాడీల చిరుతిండిలో పేలాలు, పల్లీలు, బెల్లం, చిరుధాన్యాలు చేర్చాలి. వాటిని స్థానిక మహిళా సంఘాల నుంచే కొనాలి.

5. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్న ప్యాకెట్ ముందు భాగంలోనే పెద్ద అక్షరాలతో, తెలుగులో హెచ్చరిక ఉండాలి. ముందు లేబుల్ విషయం తేల్చమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో మూడు నెలల గడువు పెట్టింది, తర్వాత ఆ గడువు పొడిగించారు. మన సంఘం ఈ డిమాండ్‌ను వినియోగదారుల సంఘాలతో కలిసి వినిపించాలి.

గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అని సామెత. ఎలాగూ పోయేదాన్ని దానమిచ్చినట్టు చెప్పుకోవడమన్న మాట. మన గింజలో బలం ఫ్యాక్టరీలో పోతుంటే, మన ధర దారిలో పోతుంటే అలా అనుకుని ఊరుకోలేం. వచ్చే తొలి ఏకాదశికి ప్రతి గ్రామ కమిటీ తన ఊరి బడిలో పేలాలు పంచాలి. ఆ రోజే పిల్లల ముందు ఒక ప్యాకెట్ తిప్పి, వెనక రాసింది చదివి వినిపించాలి. అదే రోజు మండల వ్యవసాయ అధికారికి పై అయిదు డిమాండ్లతో వినతిపత్రం ఇచ్చి, రసీదు తీసుకోవాలి.